పట్టని బ్యాటరీ

హలో, అందరికీ వినపడుతోందా? లైటు ఆర్పకుండా వినండి, మీ మంచికే చెప్తున్నా.

మిల్లులో కరెంటు పని చేసే ఒకాయనకి టార్చిలంటే పిచ్చి. ఓ రాత్రి కరెంటు పోయింది. మిల్లు నేలమాళిగలోకి దిగిన వాళ్ళ బావ ఎంతకీ పైకి రాకపోతే, వెతకడానికి ఈయన దిగాడు. మెట్ల మధ్యలో టార్చి ఆరిపోయింది.

జేబులో కొత్త రీచార్జి బ్యాటరీ ఉంది. సేఫ్టీ సర్క్యూట్ ఉన్న రకం, అందుకే కాస్త పొడుగు. పాతది తీసి ఇది పెడితే, టార్చి వెనక మూత ఎంత తిప్పినా బిగుసుకోలేదు. "ఇంట్లోనే ఓసారి పెట్టి చూసుకోవద్దూ, తెలివితక్కువ వెధవా!" అని తనని తానే తిట్టుకుంటూ దాన్ని బయటికి లాగేశాడు.

అప్పుడు వెలిగింది టార్చి.

పాతదీ కొత్తదీ రెండు బ్యాటరీలూ ఎడమ చేతిలోనే ఉన్నాయి. గొట్టం ఖాళీ. టార్చిని పారేయబోయాడు. చెయ్యి కదపకుండానే వెలుగు మెల్లగా పక్కకి తిరిగింది. అక్కడ, పడిపోయిన ఇనుప రాక్ కింద, బావ!

"ఏరా, పెళ్ళికొడుకులా తీరిగ్గా వస్తున్నావా? కాలు ఇరుక్కుపోయిందిరా!"

బ్యాటరీలు జేబులో వేసి, టార్చి నేల మీద పెట్టి, రెండు చేతులతో రాక్ ఎత్తాడు. బావ కుంటుకుంటూ లేచాడు.

"అబ్బ, ఏం వెలుగురా! ఏం బ్యాటరీ వేశావేంటి?"

"ముందు పైకి నడు బావా."

కంగారులో టార్చిని అక్కడే మర్చిపోయారు. వెలుగు మాత్రం వాళ్ళకంటే ముందే మెట్లెక్కుతోంది.

రాత్రి డ్యూటీకెళ్ళే మీవాళ్ళకి ఇది పంపండి. బ్యాటరీ పట్టిందో లేదో చూసుకుని బయల్దేరమనండి.