మాలకొండయ్య మాయం

“వాడు నమ్మాలంటే ముందు మీరు నమ్మినట్టుండాలమ్మా. ఒక్కరు వాడి మొహంలోకి చూసినా కనికట్టు చెడిపోతుంది” అన్నాడు హజరత్తయ్య.

వెంకటశేషమ్మ తల ఊపింది. ఏం చెప్పినా తల ఊపే స్థితిలోనే ఉందావిడ. కూతురు కామాక్షమ్మకి ఇవి మూడో పెళ్లిచూపులు. మొదటిసారి పెద్దకొడుకు మాలకొండయ్య చొంగ కార్చుకుంటూ వచ్చి, పెళ్లికొడుకు ఒళ్లో కూర్చున్నాడు. రెండోసారి గదిలో పెట్టి గొళ్లెం వేస్తే తలుపు ఊడేదాకా బాదాడు. మనిషికి ఇరవై రెండేళ్లు, బుద్ధికి నాలుగేళ్లు. ఇంట్లో ఇలాంటివాడు ఉన్నాడని తెలియగానే రెండు సంబంధాల వాళ్లూ కాఫీ చల్లారకముందే లేచిపోయారు.

అందుకే ఈసారి గారడీ. హజరత్తయ్య తిరనాళ్లలో గారడీ చేస్తాడు. బుద్ధి ఎదగని పిల్లల్ని గంటలకొద్దీ నవ్వించి కూర్చోబెట్టగలడని నెల్లూరు చుట్టుపక్కల పేరుంది. కబురు చేసి మనుబోలుకి పిలిపించారు.

“దాచకుండా చెప్పి చూడకూడదా అమ్మా? ఒప్పుకుంటారేమో” అన్నాడతను.

“నువ్వు వాళ్లని చూళ్లేదు గనక అంటుండావు. మొన్న కావలికి పోయి పెళ్లికొడుకోళ్ల ఇల్లు చూసొచ్చినాం. ఏం ఇల్లు! ఏం మనుషులు! ఎతికినా ఒక్క వంక కనపడలా. అట్టాంటోళ్లు వీణ్ణి చూస్తే మళ్లా మా గడప తొక్కుతారా?”

హజరత్తయ్య తల వంచుకుని సంచి విప్పాడు.

వెళ్లి మాలకొండయ్యకి ఎదురుగా బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. కొత్తగా వచ్చిన నయాపైసని గుప్పిట్లో మాయం చేశాడు. నిమ్మకాయని మాయం చేశాడు. మాలకొండయ్య పడీపడీ నవ్వాడు.

“ఇప్పుడు నిన్ను చేస్తా అబ్బయ్యా. భయమా?”

“నొప్పి పెడతాదా?”

“పెట్టదు.”

అబద్ధమాడానని హజరత్తయ్యకి అప్పుడే తెలుసు. అయినా నల్లదుప్పటి కప్పాడు. ఏదో గొణిగాడు. దుప్పటి లాగేశాడు.

“మాలకొండయ్య యాడబ్బా? ఇప్పుడే ఈడుండాడే!” అంది తల్లి గోడకేసి చూస్తూ. తండ్రి పద్మనాభయ్య మంచం కింద వెతికాడు. మాలకొండయ్య చప్పట్లు కొట్టాడు, ఎగిరాడు. ఎవరూ అటు తిరగలేదు.

“నాకొక్కడికే కనపడతావు. నోరు తెరిస్తే మాయ పోతుంది. నేను మూడు చిటికెలు వేస్తేనే మళ్లీ అందరికీ కనపడేది” అని చెప్పి, వాణ్ణి వడ్లబస్తాల గదిలోకి తీసుకెళ్లాడు హజరత్తయ్య.

వాకిట్లో జట్కా ఆగింది. హజరత్తయ్య గబుక్కున తలుపు దగ్గరికి వేసి, బస్తాల వెనక్కి మాలకొండయ్య కన్నా లోపలికి జరిగి కూర్చున్నాడు. పనిమంతుడే అనుకుంది వెంకటశేషమ్మ.

కాసేపటికి కామాక్షమ్మ సున్నుండల పళ్లెం కోసం ఆ గదిలోకి వచ్చింది. ఆ ఇంట్లో ఏ పిండివంటైనా మొదటిది అన్న చేతిలో పడాల్సిందే. మాలకొండయ్య అలవాటుగా చెయ్యి చాపాడు. ఆమె తల వంచుకుని, పళ్లెం తీసుకుని, ఆ చేతిని దాటుకుని వెళ్లిపోయింది. గుమ్మం దగ్గర పమిటతో కళ్లు ఒత్తుకుంది.

మాలకొండయ్య తన చేతిని అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. తర్వాత ముక్కు తడుముకున్నాడు, చెవులు తడుముకున్నాడు. వాడి పెదవులు వణికాయి కానీ నోరు మాత్రం తెరవలేదు. ఎన్నో తిరనాళ్లు చూసిన హజరత్తయ్యకి అది చూడ్డం చేతకాలేదు.

“అమ్మాయి మాకు నచ్చింది” అని పెళ్లికొడుకు తల్లి గొంతు వినపడింది. “ఇట్టాంటి ఏ వంకా లేని ఇంటి కోసమే ఇన్నాళ్లూ ఎతుకుతుండాం. మాఘంలో ముహూర్తం పెట్టుకుందాం.”

జట్కా కదిలాక ఇల్లంతా పండగైంది. హజరత్తయ్య బయటికి వచ్చి, చిటికె వేయడానికి చెయ్యెత్తాడు. వెంకటశేషమ్మ ఆ చెయ్యి పట్టుకుంది.

“వొద్దు. తాంబూలాలనీ, బట్టలనీ వాళ్లు వస్తా పోతా ఉంటారు. పెళ్లిదాకా వాణ్ణి అట్టానే ఉండనియ్యి.”

“రెండు నెలలమ్మా! రెండు నెలలు కన్నతల్లి మొహం తిప్పుకుంటే వాడేమైపోతాడు?”

“నాకు తెల్దా? వాడు నా కడుపున పుట్టలా?” ఆవిడ ఏడ్చేసింది. “ఆ పిల్లకీ నేనే గదయ్యా అమ్మని. ఈ సంబంధం గూడా పోతే అది బాయిలో పడతాది.”

“నన్ను వాళ్లతో ఒక్క మాట చెప్పనియ్యండి. ఏం కాదు. నా మాట నమ్మండి.”

వెంకటశేషమ్మ అతని అరచేతిని లాగి తన నెత్తిన పెట్టుకుంది.

“ఎవరి దగ్గరా నోరు తెరవనని ఒట్టెయ్యి. తెరిచినావంటే నేను చచ్చినంత ఒట్టు.”

హజరత్తయ్య చివరికి సరేనన్నాడు.

సంచి భుజాన వేసుకుని వాకిలి దాటుతుంటే మాలకొండయ్య పరుగెత్తుకొచ్చి చొక్కా పట్టుకున్నాడు. చెవిలో గుసగుసగా అడిగాడు.

“సామీ, ఇంక చాలు. కనపడతా.”

హజరత్తయ్య వేళ్లు కలిపాడు. గుమ్మంలో ఆ తల్లి రెండు చేతులూ జోడించి నిలబడి ఉంది. వేళ్లు విడదీసి, వాడి తల నిమిరి, వెనక్కి చూడకుండా బస్సు రోడ్డు వైపు నడిచాడు.

వీళ్లు ఇల్లు చూడ్డానికి కావలి వెళ్లిన రోజున, పెళ్లికొడుకు తల్లి కూడా బుద్ధి ఎదగని తన కూతుర్ని ఇలాగే మాయం చేయించి, హజరత్తయ్య చేత ఇదే ఒట్టు వేయించుకుంది.