రెండో సర్వ్

క్లాసులో చేరిన రోజు ఆమె చేతిలో ఉన్నవి మూడే. అరువు తెచ్చుకున్న రాకెట్, పొద్దున్న ఆరు నుంచి ఏడు దాకా ఒక గంట, బోలెడంత భయం.

ఆరు వారాల టెన్నిస్ క్లాసు. చివరిరోజు పరీక్ష పెట్టి కోచ్ ఒకరిని సహాయానికి తీసుకుంటాడు. కొత్తవాళ్ళకు ఎక్కడ నిలబడాలో చూపించాలి, బంతులు అందించాలి. జీతంతో పాటు క్లబ్ వెనక ఒక గది. ఆ పని ఆమెకు కావాలి. దొరక్కపోతే మరో దారి లేదు.

మొదటిరోజు కోచ్ గీతల వెంట నడిపించాడు.

"ఇది బేస్‌లైన్. సర్వ్ చేసేవాళ్ళు దీని వెనక నిలబడాలి. మొదటి పాయింటుకు మధ్య గుర్తుకి కుడివైపు. బంతి నెట్ దాటి, ఐమూలగా అవతలి సర్వీస్ బాక్స్‌లో పడాలి. పడకపోతే ఫాల్ట్."

"ఫాల్ట్ అయితే ఏం చేస్తారు సార్?" అంది ఆమె.

"ఏం చేస్తాం తల్లీ? రెండో సర్వ్ ఇస్తాం."

"ఏమీ అనరా?"

క్లాసులో ఆమె పక్కన నిలబడ్డ బేకరీ ఆయన నవ్వాడు. "అనరమ్మా. రెండోదీ పోతే డబుల్ ఫాల్ట్, పాయింట్ పోతుంది. పోయినసారి క్లాసులో నాకు డజన్లకొద్దీ పోయాయి. ఒక్క గ్రాము తగ్గానా చూడు."

ఆమె నవ్వలేదు. బంతి నెట్‌కు తగిలి బాక్స్‌లోనే పడితే లెట్ అనీ, అది లెక్కలోకి రాదనీ, మళ్ళీ కొట్టొచ్చనీ కోచ్ చెబితే మాత్రం, నిజమేనా అని రెండుసార్లు అడిగింది.

సర్వ్ చేసిన బంతి నెట్‌లో పడగానే "తప్పయింది సార్" అనేది. కోచ్ దూరంగా ఎవరినో కేకేసినా బిగుసుకుపోయేది. ఏడు కాకముందే ఇంటికి పరుగు.

పరీక్షరోజు ఆమె సర్వుల్లో పదికి ఎనిమిది ఫాల్టులు. క్లాసులోని బ్యాంకు ఆవిడ పదికి ఏడు బాక్స్‌లో వేసింది.

తర్వాత రిసీవింగ్, అంటే అవతలివాళ్ళ సర్వ్ తిప్పికొట్టడం. కోచ్ బలమంతా పెట్టి కొట్టాడు. బ్యాంకు ఆవిడ కదిలేలోపే బంతి వెళ్ళి వెనక కంచెకు తగిలింది. బేకరీ ఆయన దణ్ణం పెట్టి పక్కకు తప్పుకున్నాడు.

ఆమె వంతు. కోచ్ కుడికి కొడితే, బంతి బయల్దేరేలోపే ఆమె కుడివైపుంది. ఎడమకి కొడితే ఎడమవైపు. పదింటిలో తొమ్మిది ఆమె రాకెట్‌కు తగిలాయి.

కోచ్ నెట్ దగ్గరికి వచ్చాడు. "ఇంతకుముందు ఎక్కడ ఆడావమ్మా?"

"ఎక్కడా లేదు సార్."

"మరి ఎటు వస్తుందో ముందే ఎలా తెలుస్తోంది?"

"బంతిని చూడను సార్. చెయ్యి లేచేముందే భుజం కదులుతుంది. అది చూస్తాను."

"అది పట్టుకోడానికి నాకు ఆరేళ్ళు పట్టింది."

"నాకు తొమ్మిదేళ్ళు పట్టింది సార్."

కోచ్‌కి ఆ మాట అంతుపట్టలేదు. అయినా తరిచి అడగలేదు. సర్వ్ ఎవరికైనా నేర్పొచ్చు, ఈ చూపు నేర్పితే వచ్చేది కాదు. పని ఆమెకే ఇచ్చాడు.

ఆరు వారాలకు ఆమెకు మిగిలింది ఒక విజిల్, ఒక జీతం, ఒక తాళంచెవి.

తాళంచెవి గుప్పిట్లో బిగించి, గేటు వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించి అడిగింది.

"మావారు తన్నినా ఊడని గడియ ఆ గది తలుపుకి లోపల ఉందా సార్?"