తోకరెక్క

"దారం తగులుతాది మా, ఆ పక్కన నిలబడు!" అని తల్లి మీద అరిచాడు శేషన్న.

ఉరుకుందమ్మ సద్దిగిన్నె చంకన పెట్టుకొని రెండడుగులు వెనక్కు వేసింది. జొన్న కోసిన చేనులో విమానం ముక్కు నుంచి తోక చివరిదాకా తెల్లదారం లాగి కట్టి ఉంది. తోక మీది నిలువు రెక్క ఆ దారానికి సరిగ్గా నిలబడాలి. ఆమె కొడుకు దాన్ని ఫిన్ను అంటాడు. చెక్కపని చేసిన వడ్ల గోపన్న తోకరెక్క అంటాడు. ఆమె దానికి ఏ పేరూ పెట్టలేదు. కొడుకు పాడెకట్టెల్లో అదొకటి అని మాత్రం పది దినాలుగా అనుకుంటోంది.

మద్రాసులో మిలిటరీవాళ్లు వేలం వేసిన ఇంజను, ఊళ్లో కోసిన చెక్క, గంజి పెట్టిన గుడ్డ. అంతే విమానం. మూడుసార్లు పరిగెత్తింది. మూడుసార్లూ సగం చేను దాటకముందే ఎడమకు తిరిగి, గట్టుకు మొగం కొట్టుకుంది.

"లేస్తే లేస్తావు. దిగేది తెల్సునా నీకు?" అందామె.

"ముందు లేవనీ మా. దిగేది దిగేటప్పుడు చూసుకుందాం."

"బాయిలో దూకేవాడు గూడ ఇదే మాట అంటాడు."

గోపన్న కిసుక్కున నవ్వాడు. "అక్క మాటలో నిజముండాది అప్పా. నేను చెప్పేది గూడ రవ్వంత విను. జోడెద్దుల్లో ఒకటి..."

"నీ ఎద్దుల కత ఆపు గోపన్నా. చెక్క నీది, లెక్క నాది. దారం అబద్ధం చెప్పదు."

శేషన్న దారానికి తూకపు గుండు కట్టి వేలాడదీసి, ఒక కన్ను మూసి చూశాడు. రెక్కను వెంట్రుకవాసి జరిపాడు. మళ్లీ చూశాడు. రెక్క మొదట్లో నట్టు బిగించి లేచాక తల్లి మొగం కంటబడింది. కొంచెం మెత్తబడ్డాడు.

"ఇదే ఆఖరు మా. ఈ పొద్దు గూడ పక్కకు తిరిగిందంటే ఇంజను ఊడదీసి బాయికి బిగిస్తా. చెక్కంతా నీ పొయ్యిలోకే. నీ మీద ఒట్టు."

"తిరక్కపోతే?"

"కర్నూలు పోయి కొండారెడ్డి బురుజు మీద ఒక చుట్టు చుట్టొస్తా. కొత్త రాజధాని జనమంతా తలెత్తి చూడల్ల!"

దారం చుట్టి జేబులో వేసుకొని, పెట్రోలు డబ్బా కోసం కొట్టం వైపు పోయాడు. చేనులో పడిన బర్రెలను తోలడానికి గోపన్న పోయాడు.

ఉరుకుందమ్మ ఒక్కతే మిగిలింది. మూడుసార్లు తిరిగింది నాలుగోసారి తిరగదా, ఊరికే కూర్చుందాం అని ఇంకొక తల్లి అయితే అనుకునేది. ఆమె అట్లా అనుకునే మనిషి కాదు. మబ్బు పడితే ఆమెకు వాన కనిపించదు, పిడుగు కనిపిస్తుంది. ఉరుకుంద ఈరన్నకు మొక్కింది. అహోబిలం నరసింహునికి మొక్కింది. ఇద్దరూ ఒకేసారి మరిచిపోతే?

పానా నేలమీదే ఉంది. ఏ నట్టు వదులు చేస్తే రెక్క కదులుతుందో పది దినాలుగా చూస్తూనే ఉంది. ఎట్లాగూ ఎడమకే తిరిగే పాడుబండి. ఈ రెక్క మొగాన్ని గూడ ఎడమకు తిప్పితే గానుగెద్దు మాదిరి ఉన్నచోటనే తిరుగుతుంది. నట్టు వదులు చేసింది. గోపన్న బాడిసెతో చెక్కి పారేసిన చెక్కపేడు ఒకటి తీసి సందులో దోపింది. రెక్క ముందరి అంచు ఒక వేలు ఎడమకు జరిగింది. మళ్లీ బిగించింది.

"పాపముంటే నాకే తగలనీ స్వామీ" అని, చేతి జిడ్డు కొంగుకు తుడుచుకుంది.

శేషన్న వచ్చి పెట్రోలు పోశాడు. సద్ది తినమంటే "వచ్చి తింటాలే" అన్నాడు. వంగి ఆమె కాళ్లకు మొక్కి, ఎక్కి కూర్చున్నాడు.

"పదిలం నాయనా" అంది. ఈసారి ఆమె గొంతు వణకలేదు. కొడుకు వింతగా చూసి నవ్వాడు.

గోపన్న ముక్కు దగ్గర పంకాను చేత్తో తిప్పి పక్కకు దూకాడు. ఇంజను రెండుసార్లు దగ్గి అందుకుంది. దుమ్ము లేచింది. విమానం ఎగిరెగిరి పడుతూ కదిలింది.

తిరుగు, తిరుగు అని ఉరుకుందమ్మ లోపల గొణుక్కుంటోంది. ఆమె కళ్లు ఎడమ గట్టు మీదనే ఉన్నాయి. సగం చేను వచ్చింది. తిరగలేదు. ముప్పాతిక వచ్చింది. తిరగలేదు. గొర్రు తోలిన సాలు మాదిరి తిన్నగా పోతోంది. చేను చివర చక్రాల కింద సన్నటి వెలుగు కనిపించింది. ఆ వెలుగు జానెడయింది, మనిషెత్తయింది, తుమ్మచెట్లను దాటింది.

సద్దిగిన్నె చంకలోంచి జారి పడింది.

గోపన్న తుండుగుడ్డ గాల్లో తిప్పుతూ ఆమె దగ్గరికి పరిగెత్తుకొచ్చాడు. అతని కళ్లలో నీళ్లు.

"చూస్తివా అక్కా! జోడెద్దుల్లో ఒకటి ఎక్కువ గుంజితే కాడిని పక్కకు జరిపి కడతాం గదా. పంకా గాలి గూడ అట్లనే ఒక పక్కకు తోస్తాండాది, తోకరెక్క మొగం ఒక వేలు ఎడమకు పెట్టప్పా అని పది దినాలు నెత్తీ నోరూ కొట్టుకుంటి, యాడ విన్యాడు! ఇప్పుడు పోతాంటే తోక చూస్తి... నాతో గూడ చెప్పకుండా తానే పెట్టుకున్యాడక్కా!"