అందరి పేర్లూ ఉన్న కాగితం

రేవు ఆఫీసులో కంప్యూటర్ చూసే నా పెద్దకూతురు, నా బంగారుతల్లి, కీబోర్డు మీద నాలుగు ముక్కలు కొట్టిందో లేదో, మునిగిన పడవలోంచి బతికి ఒడ్డుకు చేరినవాళ్ల పేర్లు గడగడా కాగితం మీదికొచ్చేశాయి. పదకొండో పేరు మా చిన్నాడిది! పొద్దుటి నుంచి మంచినీళ్లయినా ముట్టనివాణ్ని, ఎగిరి గంతేసినంత పని చేశాను.

"నీ చేతులకి దండం పెట్టాలే తల్లీ! బయట హాల్లో ఎదురుచూస్తున్నవాళ్లకి నేనే చదివి వినిపిస్తా."

నాది కూడబలుక్కునే చదువు. అయినా ఒక్కరూ విసుక్కోలేదు. తమవాళ్ల పేరు వినబడ్డవాళ్లంతా నన్ను వాటేసుకున్నారు.

పొంగిపోతూ లోపలికొచ్చాను. "ఎంత అదృష్టమే! హాల్లో ఉన్నవాళ్లల్లో ఒక్కళ్ల మనిషీ తప్పిపోలేదు."

"ఒక్కళ్లూనా?" అంటూ అమ్మాయి తెర వైపు తిరిగింది. దాని మొహం పాలిపోయింది.

"పడవ జాబితాలో గల్లంతైనవాళ్ల పేరు పక్కనుండే గుర్తు డాలర్‌తో మొదలవుతుంది నాన్నా. ఆ గుర్తున్న పేర్లు వదిలెయ్యమని రాశాను. డాలర్ ముందు బ్యాక్‌స్లాష్ అనే ఏటవాలు గీత పెట్టడం మర్చిపోయాను. అది లేకపోతే, మనం కొట్టింది ముందుగా చదివే షెల్ ప్రోగ్రామ్ ఆ గుర్తుని మింగేసి, దాని చోట ఖాళీ పంపుతుంది. ఖాళీ గుర్తున్న పేరు ఒక్కటీ లేదు కదా, దాంతో ఎవర్నీ వదలకుండా పడవెక్కిన అందరి పేర్లూ వచ్చేశాయి."

"అయితే సరిచెయ్యమ్మా. మనవాడుంటాడులే."

సరిచేసింది. ఈసారి కాగితం సగం కూడా నిండలేదు. పైనుంచి కిందిదాకా రెండుసార్లు చూసుకుంది. నేను చెయ్యి చాపాను.

ఇవ్వలేదు.

"నువ్విక్కడ కూర్చో నాన్నా," అంది. "ఈసారి బయట నేను చదువుతాను."