చెప్పే పని

ఆ ఉదయం నేను ప్రార్థన ముగించి లేచేసరికి తమ్ముడు వంటింట్లో కూర్చుని బంతులకు గాలి కొడుతున్నాడు. నాన్న పెట్టిన, ఇప్పుడు ఇంట్లో అందరం కలిసి నడిపే ఫుట్‌బాల్ క్లబ్బులో వాడు ఏళ్ల తరబడి అసిస్టెంట్ కోచ్. పెద్ద కోచ్ మానేయడంతో ఆ కుర్చీ ఖాళీ అయింది.

"బాబాయి బయటివాణ్ణి తెస్తాడట అక్కా. ఇన్నాళ్లు చాకిరీ చేసిన నేను కనబడలేదా?"

"ఆటలో నీకు తెలియనిది లేదురా," అన్నాను.

"ఆ మాటే సాయంత్రం కోచ్ సంగతి తేల్చడానికి కూర్చున్నప్పుడు ఇంట్లోవాళ్లతో అను." గొంతు తగ్గించాడు. "అన్నట్టు, ఇవాళ గోల్‌కీపర్‌ని పక్కన పెట్టాను. నువ్వే ఫోన్ చేసి చెప్పక్కా. నాకు నోరు పెగలదు."

ఎప్పుడూ ఇంతే. ఎవరిని తప్పించినా నా చేతే చెప్పిస్తాడు. గోల్‌కీపర్ ఫోన్లో ఏడ్చాడు. తమ్ముడు తలుపు చాటున నిలబడి విన్నాడు.

సాయంత్రం వాడు మైదానం నుంచి రాకముందే ఇంట్లో అందరం కూర్చున్నాం. వాడికి ఆట తెలుసన్నాను. ఫోన్ సంగతీ దాచలేదు.

"ఎదురుగా నిలబడి ఒక్క మాట చెప్పలేనివాడు జట్టునేం నడుపుతాడమ్మా?" అన్నాడు బాబాయి. బయటివాణ్ణే తీసుకోవాలని తేలింది.

"మరి వాడికెవరు చెబుతారు?" అన్నాను.

బాబాయి కళ్లజోడు తుడుచుకున్నాడు. మిగతావాళ్లు టీ కప్పుల్లోకి చూశారు. చివరికి అదీ తీర్మానించారు, అక్క చెబుతుందని.