బోర్డు వెనకవైపు

"ఆ చివర పట్టుకో," అన్నారు మా ఆయన. మా వీధిలోని ఫైనాన్స్ కంపెనీవాళ్లు దింపి పంపిన రేకు బోర్డును ఇద్దరం కలిసి వరండాలో బోర్లా పడుకోబెట్టాం.

ఆయన బోర్డులు రాస్తారు. చేతిలోకి బ్రష్ వస్తే నోరు ఆగదు.

"కంపెనీ ఎత్తేసి పారిపోతే బోర్డు తిప్పేశారంటారు కదా, ఎందుకో తెలుసా?"

"మీరు చెప్పకుండా ఊరుకుంటారా?"

"కొత్త రేకు దండగని ఉన్న బోర్డునే తిప్పి, వెనకవైపు ఇంకో పేరు రాయించి, ఇంకో ఊళ్లో దుకాణం తెరిచేవాళ్లట. డబ్బు కట్టినవాళ్లు నోరు తెరుచుకుని చూడటమే. ఎంత వెర్రిబాగులవాళ్లో."

నవ్వుకుంటూ బోర్డు వెనకవైపు తెల్లరంగు పూయసాగారు.

"మరి మీరిప్పుడు చేస్తున్నదేమిటి?"

"ఇది వేరే. పొరుగూళ్లో బ్రాంచి పెడుతున్నారు. దానికి కొత్త పేరు."

"ఈ బోర్డు అక్కడికి పోతే, మన వీధిలో ఆఫీసుకి బోర్డేదీ?"

బ్రష్ ఆగింది. నా గాజులు అమ్మించి, ఆ డబ్బు తీసుకెళ్లి ఆ ఆఫీసులో వేసింది ఈయనే.

"దీనికి కూలైనా ఇచ్చారా?"

"ఇస్తామన్నారు," రంగుడబ్బాలోకి చూస్తూ అన్నారు. "నేనే మన డిపాజిట్లో కలుపుకోమన్నాను."

ఆ మాట అన్నాక ఆయన తెరిచిన నోరు ఇక మూతపడలేదు.

"అలాగే ఉండండి," అన్నాను. "ఇందాక మీరు చెప్పిన వెర్రిబాగులవాళ్లు ఎలా ఉంటారో ఒకసారి చూడనివ్వండి."