ఆకాశం నుంచి తీసిన ఫోటో

హోమర్ టిల్‌మన్ పడవ దిగేసరికి గ్రాండ్ మూయెట్ దీవి మీద ఎండ మండిపోతోంది. సముద్రం నూనె పోసినంత నున్నగా ఉంది. లూసియానా తీరంలో ఆ వేళకి ఎవరైనా చేసే పనే అక్కడా చేస్తున్నారు, రొయ్యలు ఎండబెట్టుకుంటున్నారు.

హోమర్ వాతావరణ కేంద్రం ఉద్యోగి. నిన్నటి నుంచి కుదురుగా కూర్చోలేకపోతున్నాడు. దక్షిణాన వెళ్తున్న ఓ సరుకు ఓడ, గాలి ముదురుతోందని కబురు పెట్టింది. ఆ తర్వాత మూగబోయింది.

"మళ్లీ వచ్చావా నాయనా?" అంది దుకాణం నడిపే ఒదీల్ అత్త. దీవిలో ఆమె మాటే మాట. "పోయినేడు నీ మాట విని అందరం దీవి వదిలి అవతలి ఒడ్డుకి పోయాం. చినుకు రాలలేదు. రొయ్యలు మాత్రం కుళ్లిపోయాయి."

"ఆ కంపు గురించి మా ఆవిడ ఇప్పటికీ దెప్పుతూనే ఉంది," అన్నాడు ఆమె తమ్ముడు ఆల్సీద్. దుకాణంలో ఉన్నవాళ్లంతా నవ్వారు.

హోమర్ నవ్వలేదు. చొక్కా లోపలి నుంచి ఫోటో తీశాడు.

"ఈసారి నా మాట నమ్మొద్దు. దీన్ని చూడండి. మొన్న కొత్త ఉపగ్రహం పైకి పంపారని రేడియోలో విన్నారుగా. దాన్లో రెండు కెమెరాలున్నాయి. భూమి వేడిని కొలిచే పరికరం కూడా ఉంది. పైనుంచి మబ్బుల్ని ఫోటో తీస్తుంది."

ఫోటోలో తెల్లటి సుడి. నడుమ నల్లటి కన్ను.

ఆల్సీద్ చెయ్యి చాచాడు. హోమర్ ఇవ్వలేదు. అక్షరాలున్న కింది మూలని బొటనవేలితో నొక్కిపట్టి అలాగే చూపించాడు.

"ఇందులో మనం ఎక్కడున్నాం?" అంది ఒదీల్.

అతని వేలు కాసేపు గాలిలో తచ్చాడి, సుడి అంచున ఆగింది.

"ఇక్కడ."

ఒదీల్ అతని ముఖం వంక చూసింది. ఫోటో వంక చూసింది. "దేవుడు చూసే చోటు నుంచే చూశారన్నమాట," అని సిలువ గుర్తు వేసుకుంది. పొయ్యి మీది గంబో పులుసు కుండ దించేసింది. "ఆల్సీద్, చర్చి గంట కొట్టించు. అందరూ పడవలెక్కాలి."

ఆఖరి పడవలో హోమర్ ఎక్కాడు. కూర్చోడు, నిలబడడు. మాటిమాటికీ దక్షిణం వైపే చూస్తున్నాడు. అక్కడ నీలాకాశం తప్ప ఏమీ లేదు.

"ఈసారీ చినుకు పడకపోతే ఆ ఫోటో నీచేతే తినిపిస్తాం," అన్నాడు ఆల్సీద్.

"తింటాను," అన్నాడు హోమర్. "అలా జరిగితే సంతోషంగా తింటాను."

తెల్లారేలోపే తుఫాను విరుచుకుపడింది. అలలు దీవిని దాటుకుంటూ పోయాయి. దుకాణం లేదు, చర్చి లేదు, నీళ్లలో నిలిచిన నాలుగు గుంజలు తప్ప ఏమీ మిగల్లేదు. మనిషన్నవాడు ఒక్కడూ పోలేదు.

ఒడ్డున బడిలో తలదాచుకున్న జనం మధ్య ఒదీల్ అత్త హోమర్ చేతులు రెండూ పట్టుకుంది. "ఆ కెమెరాలు చేసినవాళ్లు చల్లగా ఉండాలి నాయనా," అంది.

హోమర్ తల వంచుకున్నాడు.

కొత్త ఉపగ్రహం కెమెరాలు అప్పటికింకా పనిచెయ్యడమే మొదలుపెట్టలేదు. అతను చూపించిన ఫోటో, పాత ఉపగ్రహం ఎప్పుడో పసిఫిక్ మీద తీసిన వేరే తుఫానుది.